కుండెడు నీళ్ళ కోసం

నాకు ఈత రాదు. ఆ మాట ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. అనంతపురం జిల్లాలో పుట్టినదాన్ని, మా ఊళ్ళో ఈదడానికి నీళ్ళెక్కడివి? ఉన్న ఒక్క దిగుడుబావిలో మగపిల్లలు దూకేవాళ్ళు. మేము బిందెలు పట్టుకుని మెట్ల మీద నిలబడి, నీళ్ళు బురద చేస్తున్నారని వాళ్ళని తిట్టేవాళ్ళం. నీళ్ళతో మా ఆడపిల్లల పరిచయం చంకనెత్తుకు మోయడం వరకే. అందులో దిగి ఆడుకోవచ్చన్న సంగతి నాకు అరవై రెండో ఏట తెలిసింది. అదీ ఎక్కడో మధ్య అమెరికాలో, బెలీజ్ అనే దేశంలో.

అమెరికాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పటి మాట ఇది. "ఎన్నాళ్ళని ఇంట్లో కూచుంటారమ్మా, నాలుగు రోజులు బెలీజ్ వెళ్ళొద్దాం. గుహలో పడవ, జలపాతం దగ్గర ఈత, ఒక్కరోజులో రెండూ చూపిస్తారట" అంది. ఈత మాట వినగానే నేను వంటింట్లోకి పోయాను. మావారు మాత్రం పటం ముందేసుకుని కూచున్నారు. చెప్పొద్దూ, ఆయనకి ఊరు చూడటం కన్నా పటం చూడటమే ఇష్టం.

మెక్సికోకి కింద, గ్వాటెమాలాకి పక్కన, కరీబియన్ సముద్రం ఒడ్డున ఉంది ఈ దేశం. దేశమంటే దేశమే గాని, మన ఉమ్మడి అనంతపురం జిల్లా కంటే కాస్త పెద్దది, అంతే. జనం మొత్తం నాలుగు లక్షలు. మొన్నమొన్నటి దాకా ఇంగ్లీషువాళ్ళ పాలన. పేరు కూడా బ్రిటిష్ హోండురాస్ అనే ఉండేది. 1973లో పేరు మార్చుకున్నారు, 1981 సెప్టెంబరు 21న స్వతంత్రులయ్యారు. "ఇదిగో, ఇక్కడ కలకత్తా ఉంది!" అని మావారు కేకేస్తే పరిగెత్తుకెళ్ళి చూశాను. నిజమే, ఉత్తరాన కోరొజాల్ జిల్లాలో కలకత్తా అనే పల్లె. పంతొమ్మిదో శతాబ్దంలో మనదేశం నుంచి చెరుకు తోటల్లో కూలికి వెళ్ళినవాళ్ళ సంతతి ఆ జిల్లాలో స్థిరపడ్డారట. ఇంక వెళ్ళకేం చేస్తాం?

గుహ ఉన్నది పడమటి వైపున కాయో జిల్లాలో. పేరు బార్టన్ క్రీక్. పెద్ద రోడ్డు వదిలాక ఎర్రమట్టి దారి. ఒకచోట వాగు దాటాలి, వంతెన లేదు, బండే నీళ్ళలో దిగి అవతలికెక్కింది. ఆ ప్రాంతమంతా మెన్నోనైట్లు అనే క్రైస్తవ శాఖవారి పొలాలు. 1958లో మెక్సికో నుంచి ఈ దేశానికి వలస వచ్చిన రైతులు వీళ్ళు. ఈ ఊరివాళ్ళు మరీ పాతకాలపు పద్ధతివాళ్ళు, ఇళ్ళకు కరెంటు పెట్టుకోరు, మోటారు బండి నడపరు. గడ్డిటోపీ పెట్టుకున్న పిల్లవాడొకడు గుర్రబ్బండి తోలుకుంటూ మాకు ఎదురుపడ్డాడు. మా చిన్నప్పటి ఒంటెద్దు బండి గుర్తొచ్చి, ఎవరో చుట్టాలబ్బాయిని చూసినట్టనిపించింది.

మాకు దారి చూపే అబ్బాయికి ముప్ఫై ఏళ్ళుంటాయి. దగ్గర్లోని శాన్ ఆంటోనియో అనే పల్లె వాడు. ఆ దేశంలో చదువూ కచేరీ అన్నీ ఇంగ్లీషులోనే గనక మాటకి ఇబ్బంది లేదు. మా ఒంటికి రబ్బరు చొక్కాలు తగిలించి, నెత్తిన టోపీలు పెట్టాడు. పంజాబీ డ్రెస్సు మీద ఆ పసుప్పచ్చ చొక్కా, టోపీ! మా అమ్మాయి ఫోటో తీస్తానంటే, తీస్తే పడవెక్కనన్నాను. ఒక్కో పడవలో ముగ్గురు: ముందు నేను, మధ్య మావారు, వెనకాల తెడ్డు పట్టుకుని ఆ అబ్బాయి. అమ్మాయీ అల్లుడూ ఇంకో పడవలో. కారు బ్యాటరీకి తగిలించిన పెద్ద దీపం నా చేతికిచ్చాడు. "మేడమ్, మీరు ఎటు చూపిస్తే అటే మా కళ్ళు" అన్నాడు. ఇంట్లో ఎప్పుడూ దక్కని హోదా.

గుహ నోరు పచ్చటి తీగల వెనక ఉంది. అందులోంచే వాగు బయటికొస్తుంది. మనం దానికి ఎదురెక్కి లోపలికి పోవాలి. నాలుగు తెడ్లు వేసేసరికి వెలుతురు వెనకబడిపోయింది. చల్లటి గాలి. పైన ఒకచోట గుడిగోపురం లోపల ఉన్నంత ఎత్తు, మరోచోట తల వంచకపోతే నుదురు బొప్పి కట్టేంత కిందకి రాయి. ఎటు చూసినా కొవ్వొత్తులు కరిగి గడ్డకట్టినట్టు సున్నపురాతి ఊడలు. బొర్రా గుహలు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కాకపోతే అక్కడ నడుస్తాం, ఇక్కడ నల్లటి నీళ్ళ మీద తేలిపోతాం. ఇప్పటిదాకా కొలిచిన మేరకే ఏడు కిలోమీటర్ల పొడవుందట ఈ గుహ. యాత్రికుల్ని ఒక మైలు దాకా తీసుకెళ్ళి వెనక్కి తిప్పుతారు.

ఇక్కడ కాస్త చరిత్ర చెప్పుకోవాలి. మాయా ప్రజల పేరు మీరు వినే ఉంటారు. మెక్సికో దక్షిణ భాగం, గ్వాటెమాలా, బెలీజ్ అంతటా వేల ఏళ్ళు బతికిన జాతి. ఇనుము వాడలేదు, బండి లాగే పశువు లేదు, అయినా కొండల్లాంటి గుళ్ళు కట్టారు. సున్నకి గుర్తు వేసుకుని, రోజు తప్పకుండా లెక్కలు రాశారు. వాళ్ళ దృష్టిలో గుహ అంటే పాతాళానికి వాకిలి. ఆ పాతాళం పేరు షిబల్బా. భయపెట్టే చోటు అని అర్థం. అయితే అది ఒక్క భయానికే చోటు కాదు. వాన దేవుడు చాక్ ఉండేదీ గుహల్లోనే. మబ్బులు అక్కడ పుడతాయని వాళ్ళ నమ్మకం. అంటే చావు దగ్గరికీ, వాన దగ్గరికీ దారి ఒక్కటే.

ఆ దారిలో పడవ కూడా ఉంది. గ్వాటెమాలాలోని టికాల్ నగరంలో ఒక పెద్ద గుడి కింద 1962లో ఒక రాజు సమాధి బయటపడింది. అందులో సన్నగా చెక్కిన ఎముకలు దొరికాయి. వాటి మీద ఒక బొమ్మ. పొడుగాటి పడవలో మధ్యన మొక్కజొన్న దేవుడు, చుట్టూ కోతి, చిలుక, ఉడుము లాంటి జంతువులు, రెండు చివర్లా తెడ్డు వేస్తున్న ఇద్దరు ముసలి దేవుళ్ళు. నీళ్ళ మీదుగా మొక్కజొన్న దేవుణ్ణి పాతాళానికి తీసుకెళుతున్నారన్న మాట. మనకి వైతరణి దాటడానికి ఆవుతోక ఉన్నట్టే వాళ్ళకి పడవ. ఆ కథ వినగానే నేను వెనక్కి తిరిగి తెడ్డు వేసే అబ్బాయి ముఖం ఒకసారి చూసుకున్నాను. పాపం, పడుచువాడే!

"అటు, పైకి చూపించండి" అన్నాడు. గోడకి పైన అరుగులాంటి రాయి. దాని మీద కుండ పెంకులు. ఇంకాస్త పక్కన, సున్నం పట్టి రాయిలో రాయైపోయిన కపాలం. నా చేతిలో దీపం వణికింది.

గుహ మొదట్లో ఇలాంటి అరుగులు పది ఉన్నాయి. 1990ల చివర పురావస్తు పరిశోధకులు వాటిని వెతికితే కుండలూ, నిప్పు చేసిన గుర్తులూ, కనీసం 28 మంది మనుషుల ఎముకలూ కనిపించాయి. అందులో పెద్దలూ, పిల్లలూ ఉన్నారు. ఎక్కువ భాగం క్రీ.శ. 600–900 నాటివి. అందరూ బలైపోయినవాళ్ళేనని అనలేం, కొందరిని పూర్వీకులుగా గౌరవంతో అక్కడ పడుకోబెట్టి ఉండవచ్చునని పరిశోధకుల మాట. కాని మాయాలు మనుషుల్ని బలిచ్చేవారన్నది మాత్రం నిజం. పిల్లల ఎముకలన్న మాట చెవిన పడ్డాక, ఏ వివరణ చెప్పినా ఆడదాని కడుపులో కలుక్కుమనక మానదు.

ఎందుకొచ్చారు ఇంత చీకట్లోకి? దివిటీలు పట్టుకుని, నెత్తిన కుండలు పెట్టుకుని?

అప్పుడా అబ్బాయి దీపం ఆర్పమన్నాడు. ఆర్పాను. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే అయిపోయింది. అంతటి చీకటి నేను పుట్టి ఎరగను. కాసేపటికి చెవులు పని చెయ్యడం మొదలుపెట్టాయి. టప్... టప్... టప్... పై రాతి ఊడల్లోంచి నీటి బొట్లు. "దీనికోసమే వచ్చేవాళ్ళు" అన్నాడతను, మెల్లిగా. నేల తాకని, మనిషి చెయ్యి తగలని నీళ్ళు దేవుడి పనికి కావాలి. వాటిని సుహుయ్ హా అంటారు, ముట్టుకోని నీళ్ళు అని అర్థం. అవి పట్టడానికి బొట్లు పడే చోట కుండలు పెట్టేవాళ్ళు. నాకు చీకట్లోనే నవ్వొచ్చింది. మడి నీళ్ళు! మా నాయనమ్మ తడిబట్టతో తెల్లవారుజామున తెచ్చుకునే మడిబిందె. మేం పొరపాటున తగిలితే మళ్ళీ బావికి పోయేది. సముద్రాలకి అవతల, వెయ్యేళ్ళకి ముందు, ఇంకెవరి నాయనమ్మలో ఇదే పని చేశారన్న మాట.

ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఎందుకంటే తర్వాతి కథ కరువు కథ.

బెలీజ్ దక్షిణాన యోక్ బాలుమ్ అనే గుహ ఉంది. అక్కడ నేల మీంచి పైకి పెరిగిన సున్నపురాతి మొలకని పరిశోధకులు పొరపొరగా చదివి, ఆ వివరాలు 2012లో ప్రకటించారు. ఒక్కో ఏడాది పడిన వానకి తగ్గట్టు రాతి పొర మారుతుంది. మన చాకలి పద్దులాగ గుహే ఏటికేడు లెక్క రాసి పెట్టుకుందన్న మాట. ఆ లెక్క ప్రకారం క్రీ.శ. 440 నుంచి 660 దాకా మంచి వానలు. జనం పెరిగారు, ఊళ్ళు నగరాలయ్యాయి. 660 తర్వాత వానలు తగ్గుతూ పోయాయి, మధ్యమధ్య గడ్డు కరువులు. ఇదే జిల్లాలోని చెచెమ్ హా అనే మరో గుహని హోలీ మోయెస్ అనే పరిశోధకురాలు తోటివారితో కలిసి శోధించి 2009లో ఒక సంగతి రాశారు. కరువు కాలం వచ్చేసరికి గుహల్లో పూజల తీరు మారిందట. నీళ్ళ కుండల నైవేద్యాలు ఎక్కువయ్యాయట.

ఇది అర్థం కావాలంటే ఆ నేల సంగతి తెలియాలి. సున్నపురాతి నేల మీద వాన నీరు నిలవదు, కన్నాల్లోంచి కిందికి ఇంకిపోతుంది. ఈ జిల్లాలోనే దక్షిణాన అడవిలో కారకోల్ అనే మహానగరం ఉండేది. 1937లో మహాగని చెట్లు వెతుక్కుంటూ వెళ్ళిన రోసా మాయ్ అనే కలప పనివాడికి ఆ శిథిలాలు కనబడ్డాయి. 650 ప్రాంతంలో అక్కడ లక్షమంది పైచిలుకు ఉండేవారని అంచనా. టికాల్ అంతటి రాజ్యాన్ని 562లో ఓడించడంలో చెయ్యి ఉందని చెప్పే ఊరు. దాని పెద్ద గుడి 140 అడుగుల ఎత్తు, బెలీజ్ దేశంలో ఈనాటికీ ఎత్తయిన కట్టడాల్లో అదొకటి. అంతటి ఊరికి పక్కన ఏరు లేదు! వాన నీళ్ళు చెరువుల్లో, తొట్లలో పట్టుకుని తాగాల్సిందే. వాన తెప్పిస్తానన్నది రాజుగారి పూచీ. వాన రాకపోతే ఆ రాజు మాట ఎవరు వింటారు? కరువొక్కటే కాదు, రాజ్యాల మధ్య ఎడతెగని యుద్ధాలు, కొట్టేసిన అడవులు, నేల మోయలేనంత జనం, అన్నీ కలిసొచ్చాయి. కారకోల్ రాళ్ళ మీద చెక్కిన తేదీల్లో చివరిది 859. ఆ తర్వాత రాయి మాట్లాడదు.

చీకట్లో కూచుని వింటుంటే నాకు మా ఊరి కరువు సంవత్సరం కళ్ళకి కట్టింది. రోకలికి కప్పని కట్టి, వేపాకు చుట్టి, ఇల్లిల్లూ తిరిగే కప్పతల్లి ఆట. ఇంటింటి ఇల్లాలూ ఆ కప్ప మీద చెంబెడు నీళ్ళు పోసేది. తాగడానికి లేని నీళ్ళు! గుళ్ళో విరాటపర్వం పారాయణ. వాన రాకపోతే ఇంకో వారం, ఇంకో పూజ. మా అమ్మ ఆ చెంబు పొయ్యడానికి కుండలోకి చెయ్యి పెట్టి, అడుగు తగిలి, ఒక్క క్షణం ఆగి, అయినా ముంచి పోసింది. దానిని మూఢనమ్మకమని నవ్వెయ్యడం కొళాయి ఉన్నవాళ్ళకి తేలిక. ఆ అరుగు మీద కుండలు పెట్టినవాళ్ళూ అలా అడుగు తగిలినవాళ్ళే అయి ఉంటారు. ఏం ఇస్తే వాన వస్తుందో తెలియక ఉన్నదల్లా ఇచ్చుకుంటూ పోయారు. కుండలిచ్చారు. కుండలతో ఆగలేదు. అది తప్పా కాదా అని నన్నడిగితే తప్పనే అంటాను. కాని దీపం వెలిగించాక ఆ కపాలం వంక చూసినప్పుడు, ముందంత భయం వెయ్యలేదు. జాలి వేసింది.

బయటికొచ్చాక ఎండ మొహాన కొడితే ప్రాణం లేచొచ్చింది. బండి మీద కొండెక్కి దేవదారు లాంటి పైన్ చెట్ల అడవిలోకి వచ్చాం. మౌంటెన్ పైన్ రిడ్జ్ అంటారు దాన్ని. నేల మారిపోయింది. కింద సున్నపురాయి, ఇక్కడ గట్టి నల్లరాయి. నీరు ఇంకిపోదు, రాళ్ళ మీంచి ఉరకలు వేస్తుంది. అక్కడే చెట్టు నీడన భోజనాలు. ఆ అబ్బాయి వాళ్ళమ్మ చేసిచ్చిన మొక్కజొన్న రొట్టెలు, నల్ల బీన్సు కూర. మేం తెచ్చుకున్న పులిహోర అతనికి పెట్టాం.

తింటూ తింటూ మావారు ఊరుకోలేక, "అయితే ఆ మాయావాళ్ళంతా ఏమైపోయినట్టు? మాయమైపోయారంటారు కదా?" అన్నారు. తెలుగులో ఆ మాట బాగానే కుదిరింది గాని, ఇంగ్లీషులో అడిగేసరికి ఆ అబ్బాయి నవ్వాడు. "సార్, మీరు తింటున్న రొట్టె చేసింది మా అమ్మ. ఆవిడ మాయా. మేమెక్కడికీ పోలేదు" అన్నాడు.

మావారి చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది.

పోయింది రాజులూ, రాతి శాసనాలూ. జనం ఊళ్ళు వదిలి నీళ్ళున్నచోటికి వెళ్ళి బతికారు. 1847లో యుకాటన్‌లో మాయాలు దొరతనం మీద తిరగబడ్డప్పుడు మొదలైన పోరాటం అరవై ఏళ్ళ దాకా రగులుతూనే ఉంది. దాన్ని తప్పించుకుని ఎన్నో కుటుంబాలు ఈ దేశంలోకి వచ్చాయి. ఇతని ముత్తాతలు ఆ దారినే వచ్చారట. బెలీజ్‌లో ఇప్పటికీ యుకాటెక్, మోపాన్, కెక్చీ అనే మూడు తెగల మాయాలున్నారు.

రొట్టె ఎలా చేస్తారని నేనడిగాను. ఆడవాళ్ళం, చరిత్ర దారి మనకి వంటింట్లోంచే గదా. మొక్కజొన్న గింజల్ని సున్నం కలిపిన నీళ్ళలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, పొద్దున కడిగి రుబ్బుతారట. ఆ సున్నం ఎక్కడిది? గుహ ఏ రాతిలో పుట్టిందో ఆ రాతిని కాల్చిందే. అది రుచికే కాదు, సున్నం పడితేనే ఆ గింజలోని ఒక విటమిను ఒంటికి పడుతుంది. తెల్లవాళ్ళు మొక్కజొన్న గింజల్ని యూరపుకి పట్టుకుపోయారు గాని, ఆడవాళ్ళ చేతిలోని ఈ విద్యని చిన్నచూపు చూసి వదిలేశారు. ఫలితంగా స్పెయిన్‌లోనూ ఇటలీలోనూ మొక్కజొన్నే గతైన పేదలకి పెలాగ్రా అనే రోగం పట్టి తరాల తరబడి పీడించింది. రాజు కట్టిన 140 అడుగుల గుడి అడవి పాలైంది, ఇల్లాలి సున్నపు నీళ్ళ కుండ మాత్రం పొయ్యి మీద అలాగే ఉంది. చరిత్ర పుస్తకాలు రాసేవాళ్ళు ఒకసారి వంటింట్లోకి తొంగి చూస్తే "మాయమైపోయారు" అనే మాట రాసి ఉండరు.

ఆ తర్వాత జలపాతం. ప్రివాషన్ అనే వాగు అక్కడ 150 అడుగుల ఎత్తునుంచి దూకుతుంది, బిగ్ రాక్ అంటారు. కిందికి దిగే దారి నిటారుగా ఉంది. అల్లుడి భుజం పట్టుకుని, దారిపొడుగునా దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ దిగాను. కింద పెద్ద మడుగు, చుట్టూ పడకలంత బండలు. మావారు ఒక బండ చూసుకుని, అందరి చెప్పులూ కాపలా కాస్తానన్నారు. ఆయనకీ ఈత రాదు లెండి, కాని ఆ మాట అనరు.

నేనూ కూచుందామనే అనుకున్నాను. కాని నీళ్ళు! అన్ని నీళ్ళు, ఎవరి బిందెలోకీ పోకుండా, ఎవరూ అడగకుండా, పొద్దస్తమానం పడుతూనే ఉన్నాయి. పొద్దున ఒక్కొక్క బొట్టు కోసం చీకట్లో కుండలు పెట్టినవాళ్ళ దగ్గర్నుంచి వచ్చాను. ఆ కుండలోకి చెయ్యి పెట్టిన మా అమ్మ దగ్గర్నుంచి వచ్చాను. ఈ ఒడ్డున చెప్పులకి కాపలా కూచుంటే వాళ్ళకి ఏం మర్యాద?

రబ్బరు చొక్కా బిగించుకుని దిగాను. నీళ్ళు చలికి కొరికేస్తున్నాయి. మా అమ్మాయి వెనకనుంచి రెండు చేతులూ పట్టి, "కాళ్ళు వదిలెయ్యమ్మా, మునగవు" అంది. చిన్నప్పుడు దానికి నడక నేర్పిస్తూ నేనూ ఇలాగే పట్టుకున్నాను. వదిలేశాను. మునగలేదు. వెల్లకిలా తేలుతూ చూస్తే పైన ఆకాశం, మొహం మీద సన్నటి తుంపర. అరవై రెండేళ్ళు నేను మోసిన నీళ్ళు ఆ రోజు నన్ను మోశాయి.

ఇంటికొచ్చి చాలా రోజులైంది. మా వంటింటి కొళాయి సరిగ్గా కట్టదు. రాత్రిళ్ళు అందరూ పడుకున్నాక టప్... టప్... అని వినిపిస్తుంది. రేపు మనిషిని పిలిచి బాగుచేయిద్దామని మావారు రోజూ అంటూనే ఉన్నారు. ఈలోగా నేను లేచి, దాని కింద ఒక గిన్నె పెట్టి వచ్చి పడుకుంటున్నాను. పొద్దున్నకల్లా నిండుతుంది. ఆ నీళ్ళు పారబొయ్యడానికి మాత్రం చెయ్యి రాదు.